కంపైలర్ రాసినదానిని చదవనక్కరలేదా?

మొన్న ఒక పెళ్ళిభోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్న సాఫ్ట్‌వేరు మిత్రుడు, ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ ఒక మాట అన్నాడు. "కంపైలర్ పుట్టించిన కోడును ప్రోగ్రామరు చదవాలనడం, కారు నడిపేవాడు ఇంజను విప్పి చూడాలనడం వంటిది." చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. ఉపమానం బాగుంది. వడ్డనవారు గుత్తివంకాయ కూర తెచ్చేసరికి చర్చ కూడా ముగిసిపోయింది. అప్పుడు అనలేకపోయిన మాటలు ఇంటికి వచ్చాక నిద్ర పట్టనివ్వలేదు. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ఉపమానం సంగతి. మన ప్రోగ్రామును వాడుకునేవాడు కారు నడిపేవాడు. టికెట్టు కొనుక్కునే ప్రయాణికుడూ, బ్యాంకులో డబ్బు వేసుకునే పింఛనుదారూ ఆ కోవకు చెందుతారు. వారికి ఇంజనుతో పనిలేదు, నిజమే. ప్రోగ్రామరు ఎవరు? కారు తయారుచేసి తాళంచెవి వారి చేతికిచ్చేవాడు. తయారుచేసినవాడే "ఇంజను ఎలా తిరుగుతుందో నాకనవసరం" అంటే ఆ కారెక్కే ధైర్యం మీకుంటుందా?

"కంపైలర్" అన్న పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొందరు మిత్రులు దానిని "సంకలని" అంటున్నారు. మొదట్లో నేను ఆ మాటను వెక్కిరించాను, అది చేసే పని అనువాదం కదా, సంకలనమేమిటని. తరువాత తెలిసింది, వెక్కిరింపు నాకే తగులుతుందని. 1952లో గ్రేస్ హాపర్ ఏ-0 అనే సాధనాన్ని తయారుచేసినప్పుడు, అది ముందే రాసిపెట్టి ఉన్న చిన్న చిన్న ఉపక్రమాలను ఏరి తెచ్చి ఒకచోట కూర్చేది. అంటే అచ్చంగా సంకలనమే. పని మారినా పేరు నిలిచిపోయింది. నేటి కంపైలర్ మాత్రం అనువాదకుడే, అదీ మాటకు మాట పెట్టే దుబాసీ కాదు. మన కవిత్రయం వంటి అనువాదకుడు. వ్యాసభారతంలో ఏడువందల శ్లోకాల భగవద్గీతను తిక్కన ఎంత క్లుప్తంగా తేల్చివేశాడో భీష్మపర్వం తిరగేసిన వారికి తెలుసు. కథ చెడలేదు, యుద్ధం జరిగింది, అర్జునుడు గాండీవం పట్టాడు. గీతను వెతుక్కుంటూ తెలుగు భారతం తెరిచినవాడు మాత్రం తెల్లబోతాడు. కంపైలర్ కూడా బయటికి కనిపించే ఫలితం మారకుండా చూసుకుంటుంది. లోపల ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో దాని ఇష్టం. ఆ ఇష్టానికి హద్దులున్నాయి, అవి భాషా ప్రమాణంలో రాసి ఉన్నాయి. చిక్కేమిటంటే, ఆ హద్దులు ప్రోగ్రామరు ఊహించుకున్న చోట ఉండవు.

ఒక చిన్న ఉదాహరణ. సీ భాషలో ఒక పూర్ణాంకాన్ని తీసుకుని, దానికి ఒకటి కలిపితే వచ్చేది మొదటి సంఖ్యకంటే పెద్దదా కాదా అని పరీక్షించే ఫంక్షను రాయండి. పెట్టె నిండిపోయి సంఖ్య ఋణాత్మకంలోకి దొర్లిపోతే పట్టుకోవాలన్నది మీ ఉద్దేశం. జీసీసీకి ఇచ్చి, ఆప్టిమైజేషన్ రెండవ మెట్టు మీద పెట్టి, వచ్చిన యంత్రభాషను చూడండి. రెండే ఆదేశాలుంటాయి. జవాబుగా ఒకటి ఉంచు, తిరిగి వెళ్ళు. అంతే. కూడికా లేదు, పోలికా లేదు. సంజ్ఞతో కూడిన పూర్ణాంకాలు పొర్లడమనేది సీ ప్రమాణంలో నిర్వచనం లేని చర్య. నిర్వచనం లేనిది జరగదని కంపైలర్ భావించవచ్చు. జరగనిదానిని పరీక్షించడం దండగ కనుక మీ పరీక్షను కొట్టివేసింది. మీరు ఇంటికి కాపలా పెట్టారు, దొంగలు రారని లెక్కగట్టి అది కాపలాదారుని ఇంటికి పంపించింది.

ఇది ఊసుపోక వేసిన పొడుపుకథ కాదు. 2009 జూలైలో లినక్స్ కెర్నెల్ 2.6.30లో సరిగ్గా ఇటువంటిదే బయటపడింది. టన్ అనే నెట్‌వర్కు డ్రైవరులో ఒక ఫంక్షను ఉంది. దానికి అందిన పాయింటరు శూన్యమేమో చూసి, శూన్యమైతే వెనక్కి తిరిగే పరీక్ష అందులో ఉన్నది. కాని ఆ పరీక్షకు ఒక వరుస ముందే, అదే పాయింటరు వెంట వెళ్ళి ఒక విలువను తెచ్చుకున్నారు. జీసీసీ ఇలా ఆలోచించింది: "పై వరుసలో ఈ పాయింటరును వాడారు, కనుక ఇది శూన్యం కాదు. కాదని తేలాక మళ్ళీ అడగడమెందుకు?" పరీక్ష మాయమైంది. కొన్ని పరిస్థితులలో దాడిచేసేవాడు సున్నా చిరునామా దగ్గర తనకు కావలసిన పేజీని అమర్చుకోగలడు. అలా అమర్చుకున్నవాడికి కెర్నెలంతటి అధికారం చేజిక్కే దారి తెరుచుకుంది. ఒక భద్రతా పరిశోధకుడు దానిని చేసి చూపించాడు కూడా. మూలపాఠాన్ని చదివినవారి కళ్ళకు పరీక్ష కనిపిస్తూనే ఉంది. యంత్రం నడిపిన పాఠంలో అది లేదు. ఆ తరువాత వరుసల క్రమాన్ని సరిదిద్దారు. అంతటితో ఆగక, శూన్య పరీక్షలను తీసివేయవద్దని కంపైలరుకు చెప్పే మీటను కెర్నెల్ నిర్మాణంలో చేర్చారు. ప్రపంచంలో అత్యంత శ్రద్ధగా సమీక్షింపబడే ప్రోగ్రాములలో ఒకదాని కథ ఇది. మనం రాసే వాటికి ఆపాటి సమీక్ష అయినా ఉన్నదా?

రహస్యపదాల సంగతి ఇంకా విచిత్రం. వాడుకరి ఇచ్చిన రహస్యపదాన్ని ఒక తాత్కాలిక అరలో ఉంచుకుని, పని అయిపోగానే మెమ్‌సెట్‌తో ఆ అరను సున్నాలతో నింపి తుడిచివేయడం బాధ్యత గల ప్రోగ్రామరు అలవాటు. ఫంక్షను ముగిసిపోతోంది, ఆ అరను ఇక ఎవరూ చదవరు. చదవని చోట రాయడం వృథా అని కంపైలర్ ఆ తుడుపును తీసివేయవచ్చు, తీసివేస్తుంది కూడా. రహస్యపదం జ్ఞాపకంలో అలాగే పడి ఉంటుంది. పరీక్షలన్నీ నెగ్గుతాయి, ఏ దోషమూ కనిపించదు. యంత్రభాషను తెరిచి చూసిన కంటికి మాత్రమే ఆ తుడుపు లేదన్న సంగతి తెలుస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ వారు 2014లో తమ 5.5లో దీనికోసమే ఎక్స్‌ప్లిసిట్ బీజీరో అనే వేరే ఫంక్షను తెచ్చారు. చివరికి సీ23 ప్రమాణంలో మెమ్‌సెట్ ఎక్స్‌ప్లిసిట్ వచ్చి చేరింది. ఒక భాష పుట్టిన యాభై ఏళ్ళకు "నిజంగా తుడువు" అని చెప్పడానికి ఒక మాట దొరికిందన్నమాట! కంపైలర్ ఏం రాసిందో ఎవరో ఒకరు చదివారు కనుకనే ఆ మాట అవసరమని తెలిసింది.

ఇక నా సొంత గోడు. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న కొలత పరికరానికి ప్రోగ్రాము రాసే బృందంలో ఉండేవాణ్ణి. బయటి తీగ మీద ఒక అక్షరం రాగానే ఇంటరప్ట్ మోగుతుంది, అక్కడి ఫంక్షను ఒక జెండా ఎత్తుతుంది. ప్రధాన భాగం ఆ జెండా కోసం చిన్న లూపులో కాచుకుని ఉంటుంది. ఆప్టిమైజేషన్ లేనప్పుడు చక్కగా నడిచింది. జ్ఞాపకం చాలడం లేదని ఆప్టిమైజేషన్ పెట్టగానే పరికరం బిగుసుకుపోయింది. మూడు రోజులు తలలు బద్దలు కొట్టుకున్నాం. ఒక మిత్రుడు ఏం జరుగుతోందో చూద్దామని లూపులో ఒక ప్రింట్ వాక్యం పెట్టాడు. పరికరం నడిచింది! ప్రింట్ తీసేస్తే ఆగింది, పెడితే నడిచింది. గడువు దగ్గరపడింది. ప్రింటును అలాగే ఉంచి, పక్కన "దీనిని తీయవద్దు" అని వ్యాఖ్య రాసి, పరికరాన్ని అమ్మకానికి పంపారు. దిష్టిబొమ్మ కట్టినట్టు!

ఆ వ్యాఖ్య రెండేళ్ళు బతికింది. తరువాతి పరికరంలో తీగ వేగం పెంచగానే మధ్య మధ్య అక్షరాలు రాలిపోసాగాయి. ఆ ప్రింట్ పూర్తయ్యేలోగా కొత్త అక్షరం వచ్చి పాతదానిమీద కూర్చుంటోంది. అప్పుడు, సిగ్గుతో చెబుతున్నాను, మొదటిసారి కంపైలర్ రాసినదానిని తెరిచి చూశాను. అర్థం చేసుకోవడానికి పావుగంట పట్టింది. లూపుకు ముందు ఒక్కసారి జెండాను చదివి రిజిస్టరులో పెట్టుకుంది. ఆ తరువాత తనకు తానే గెంతే ఒక ఆదేశం. మళ్ళీ చదవడమన్న ప్రసక్తే లేదు. ఈ లూపులో జెండాను మార్చేవారెవరూ లేరు కనుక మళ్ళీ చూడడమెందుకని దాని తర్కం. ప్రింట్ ఉన్నప్పుడో, ఆ బయటి ఫంక్షను లోపల జెండా మారిందేమోనన్న అనుమానంతో ప్రతిసారీ తిరిగి చదివేది. జెండా ప్రకటనకు ముందు వొలటైల్ అన్న ఒక్క మాట చేర్చితే తీరిపోయే జబ్బు. ఆ పావుగంట పని ముందే చేసి ఉంటే మూడు రోజులు, రెండేళ్ళు, ఒక దిష్టిబొమ్మ మిగిలేవి.

"ఇదంతా భాషా ప్రమాణాన్ని చదివితే తెలిసేదే కదా, యంత్రభాష ఎందుకు?" అని మీలో కొందరు అడుగుతారు. నా ప్రత్యర్థుల వాదాలలో గట్టిది ఇదే. తక్కినవాటికి ఎముకల్లేవు, దీనికి ఉన్నాయి. వారి మాట ఇది: ప్రోగ్రాము అర్థాన్ని నిర్ణయించేది ప్రమాణం. కంపైలర్ ఈవేళ రాసినది రేపటి కూర్పులో మారుతుంది, ఇంకో యంత్రం మీద మరోలా ఉంటుంది. దానిని చూసి భాషను నేర్చుకున్నవాడు, ఒక్క ఇంటి ఆచారాన్ని దేశపు చట్టమని పొరబడతాడు.

ఈ వాదానికి మనదేశంలో దొరికినంత సాక్ష్యం మరెక్కడా దొరకదేమో! తెలుగునాట 1990లలోనూ 2000లలోనూ ఇంజనీరింగు చదివిన వారందరం టర్బో సీ నీలిరంగు తెర ముందు పెరిగినవాళ్ళమే. పదహారు బిట్ల డాస్ కోసం చేసిన ఆ కంపైలర్, ప్రపంచం వదిలేసిన చాలా ఏళ్ళ తరువాత కూడా మన ప్రయోగశాలల్లో రాజ్యమేలింది. అందులో పూర్ణాంకం రెండు బైట్లు. కనుక పూర్ణాంకమంటే రెండు బైట్లేనని రికార్డుల్లో రాశాం, వైవాల్లో ఒప్పజెప్పాం. అమీర్‌పేట గదుల్లో మెట్ల మీద కూడా కూర్చుని రాసుకున్న నోట్సులో అదే. ఇక ఇంటర్వ్యూ ప్రశ్నలు సరేసరి. ఐ విలువ ఐదు అయితే, ++ఐ + ++ఐ ఎంత?

నా మొదటి ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నే అడిగారు. కెర్నిఘాన్, రిచీల పుస్తకం రెండవ అధ్యాయం చివరలో, ఇటువంటివి ఏ క్రమంలో జరుగుతాయో భాష చెప్పదు సుమా అని హెచ్చరిక ఉంది. అది చదివిన గర్వంతో "చెప్పలేమండీ" అన్నాను. ఎదుటివారు జాలిగా నవ్వి "పద్నాలుగు" అన్నారు. ఆ ఉద్యోగం రాలేదు. వారిమీద నాకిప్పుడు కోపం లేదు (కొంచెం ఉంది). వారు తెరమీద చూసినదే చెప్పారు. ఒక కంపైలర్ ఫలితాన్ని వేదవాక్కుగా కంఠస్థం చేశారు.

మరైతే నా వాదం వీగిపోయినట్టేనా? కాదు. ఆ పెద్దమనిషి చేసిన తప్పు కంపైలరును మరీ ఎక్కువగా తెలుసుకోవడం కాదు. ఆయన దాని ఫలితాన్ని చూశాడు, అది రాసినదానిని ఏనాడూ చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేది? జీసీసీకి ఆప్టిమైజేషన్ లేకుండా ఇచ్చి చూడండి. ఐ ఉన్న గదికి ఒకటి కలుపుతుంది, మళ్ళీ ఒకటి కలుపుతుంది, ఆపైన ఆ గదిలోని ఏడును తనతో తానే కూడుతుంది. పద్నాలుగు. క్లాంగ్‌కు ఇవ్వండి. మొదటి పెంపు తరువాత వచ్చిన ఆరును ఒక రిజిస్టరులో పక్కన పెట్టుకుంటుంది, రెండవ పెంపుకు వచ్చిన ఏడును దానికి కలుపుతుంది. పదమూడు. రెండూ ప్రమాణాన్ని ఉల్లంఘించలేదు. ఈ రెండు చిట్టాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి, "ఇంత" అని జవాబు చెప్పడానికి ఇక నోరు రాదు. ప్రమాణం అక్కడ ఎందుకు మౌనంగా ఉందో, ఆ మౌనాన్ని ఎవరెవరు ఎలా వాడుకుంటారో కంటికి కనిపిస్తుంది. ధర్మశాస్త్రం చదివినవాడికి ధర్మం తెలుస్తుంది, వాదం ఎలా నడుస్తుందో తెలియాలంటే కోర్టు మెట్లెక్కాలి. రెండూ కావాలి. ప్రమాణం ఒక్కటే చాలుననేవారిని నేను ఒకటే అడుగుతాను: మీలో ఎందరు ఆ వందల పుటలను ఆసాంతం చదివారు? నేను చదవలేదు. ఏ అధ్యాయం తెరవాలో నాకు చెప్పినది ప్రతిసారీ యంత్రభాషే.

కంపైలర్ మనకంటే తెలివైనదన్న మాటను కాదనను. 1957లో ఐబీఎం 704 కోసం ఫోర్ట్రాన్ వచ్చినప్పుడు, జాన్ బాకస్ బృందానికున్న పెద్ద భయం ఇదే. చేత్తో రాసినంత వేగంగా నడిచే కోడు రాకపోతే ప్రోగ్రామర్లు దీనిని ముట్టరు. అందుకే ఆ మొదటి కంపైలరులోనే ఆప్టిమైజేషన్ మీద అంత శ్రమపడ్డారు. నేడు ఆ పోటీ ఎప్పుడో ముగిసింది. సంజ్ఞలేని పూర్ణాంకాన్ని పదితో భాగించమంటే నేటి కంపైలర్ భాగహారమే చేయదు. 3435973837తో గుణించి, ముప్పయ్యైదు బిట్లు కుడికి జరుపుతుంది. ఒకటి నుండి ఒక సంఖ్య దాకా కూడే లూపు రాస్తే, క్లాంగ్ లూపునే ఎత్తివేసి సూత్రంతో జవాబు చెబుతుంది. మొదటిసారి చూసినప్పుడు అవధాని పద్యపాదం అందుకున్నప్పటి ఆనందం కలిగింది నాకు. ఈ ఆనందాన్ని కూడా వద్దనుకునేవారిని ఏమనాలి?

ఆ ఆనందం లేనివారు పాత చిట్కాలు పట్టుకుని వేలాడతారు. రెండుతో భాగించడంకంటే ఒక బిట్టు కుడికి జరపడం వేగమని ఎప్పుడో విన్న పాఠం. రిజిస్టర్ అన్న మాట తగిలిస్తే చరరాశి పరుగెత్తుతుందన్నది ఇంకొకటి. మొదటి పని కంపైలర్ అడగకుండానే చేస్తుంది, పైగా సరిగా చేస్తుంది. ఋణసంఖ్యలకు భాగహారం సున్నా వైపు కుదించాలి, జరపడం మాత్రం కిందికి కుదిస్తుంది. మైనస్ ఒకటిని రెండుతో భాగిస్తే సీలో సున్నా, జరిపితే మామూలు యంత్రాల మీద మళ్ళీ మైనస్ ఒకటే. ఆ తేడాను సరిచేసే అదనపు ఆదేశాలను కంపైలర్ రాసినదానిలో చూడవచ్చు. మన చిట్కారాయుడికి ఆ తేడా ఉందనే తెలియదు. రిజిస్టర్ మాటనైతే సీ++17లో తీసివేశారు కూడా. పాతకాలపు అసెంబ్లీ వీరులారా, మీసాలు దించండి. మీ పక్షాన మాట్లాడుతున్నానని అనుకోకండి. యంత్రభాషలో రాయడం ఒక విద్య, కంపైలర్ రాసినదానిని చదవడం మరొక విద్య. నేను అడుగుతున్నది రెండవదే. దానికి వందల ఆదేశాలు తెలియనక్కరలేదు. జరుపు, కూడు, పోల్చు, గెంతు, పిలువు, తిరిగిరా వంటి పాతిక మాటలతో బండి నడుస్తుంది. 2012 నుండి మ్యాట్ గాడ్‌బోల్ట్ కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ అందుబాటులో ఉంది. ఎడమవైపు మీ కోడు, కుడివైపు యంత్రభాష, ఏ వరుస ఏ వరుసగా మారిందో రంగులతో సహా. ఖర్చు లేదు, ఏదీ స్థాపించుకోనక్కరలేదు. "తీరిక లేదు" అన్న సాకుకు కూడా అక్కడ చోటు లేదు.

అన్నీ చదవమనడం లేదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. ఏ మెతుకన్నదే ప్రశ్న. తాళాలు, రహస్యాలు, ఇంటరప్టులు, ఒకేసారి నడిచే దారాలు, వేగం ప్రాణమైన లూపులు: వీటిని చూడాలి. ఆప్టిమైజేషన్ మారిస్తే ఫలితం మారే ప్రోగ్రామును తప్పక చూడాలి. విమానాల సాఫ్ట్‌వేరువారు ఈ మాటను నియమంగానే పెట్టుకున్నారు. డీఓ-178సీ ప్రకారం, విఫలమైతే విమానమే కూలిపోయే ఏ స్థాయి సాఫ్ట్‌వేరులో, మూలపాఠంలోని వాక్యాలకు నేరుగా ముడిపెట్టలేని కోడును కంపైలర్ పుట్టిస్తే, దానిని విడిగా సరిచూసి తీరాలి. విమానమెక్కేటప్పుడు మన పెళ్ళిపంక్తి మిత్రుడు కూడా ఈ నియమాన్ని కాదనడు.

"ఇంత అనుమానమైతే కంపైలరులోనే తప్పులుంటే?" ఉంటాయి. 2011లో యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు సీస్మిత్ అనే సాధనంతో యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాములు పుట్టించి కంపైలర్ల మీదికి వదిలారు. అంతకుముందు ఎవరికీ తెలియని 325కు పైగా తప్పులు బయటపడ్డాయి. పరీక్షించిన ప్రతి కంపైలరూ ఎక్కడో ఒకచోట, ఏ హెచ్చరికా లేకుండా, సరైన ప్రోగ్రామును తప్పుగా అనువదించింది. గణితపరంగా నిరూపించి కట్టిన కాంప్‌సర్ట్ ఎక్కువ నిలబడింది, అందులోనూ నిరూపించని భాగాల్లో తప్పులు దొరికాయి. అంతకు చాలా ముందే, 1984లో అచ్చయిన ట్యూరింగు ఉపన్యాసంలో కెన్ థామ్సన్ ఇంకా భయంకరమైనది చూపించాడు. లాగిన్ ప్రోగ్రామును అనువదించేటప్పుడు దొంగదారిని, తనను తాను అనువదించుకునేటప్పుడు ఆ దొంగబుద్ధిని చేర్చుకునే కంపైలర్. మూలపాఠాన్ని ఎంత గాలించినా దాని జాడ దొరకదు. అయినా సగటు ప్రోగ్రామరుకు కంపైలర్ తప్పు తగలడం అరుదు. "కంపైలరులో బగ్గు" అని నా దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమందికి తమ తప్పే తగిలింది. అది తేల్చడానికైనా యంత్రభాష తెరవాల్సిందే. లేకపోతే ఎవరు పట్టిన కుందేలుకు వారు మూడేసి కాళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

యంత్రభాష కింద మైక్రోకోడు ఉంది, దానికింద ట్రాన్సిస్టర్లు ఉన్నాయి, ఎక్కడ ఆగాలి అంటారా? మీరు నిలబడిన అంతస్తుకు కింద ఒక్కటి చాలు. సీ, సీ++, రస్ట్ రాసేవారికి ఆ అంతస్తు యంత్రభాష. జావా వారికి బైట్‌కోడు. డేటాబేసు వారికి వారి ప్రశ్నను ఇంజను ఎలా నడుపుతోందో చూపే ప్రణాళిక. ఆవల చూడాలనుకుంటే మీ ఓపిక.

ఇప్పుడు కొత్త తరపు మాట ఇంకొకటి వినిపిస్తోంది. కృత్రిమ మేధను మామూలు మాటల్లో అడిగితే ప్రోగ్రామే రాసిపెడుతోంది కదా, అదే రేపటి కంపైలర్, ఒకప్పుడు యంత్రభాష చదవడం మానినట్టే ఇకమీదట ప్రోగ్రాములు చదవడమూ మానవచ్చునట. ఈ పోలిక పునాదిలోనే బీటలున్నాయి. కంపైలరుకూ మనకూ మధ్య ఒక ఒప్పందపత్రం ఉంది. తప్పు జరిగితే ఆ పత్రం తీసి, తప్పు నీదా నాదా అని తేల్చవచ్చు. మామూలు మాటల్లో అడిగి తెచ్చుకున్నదానికి అటువంటి పత్రమేదీ లేదు. పత్రం ఉన్న అనువాదకుడి దగ్గరే లినక్స్ అంతటిది మోసపోతే, పత్రం లేనివాడు రాసినదానిని చదవకుండా సంతకం పెడతామా?

కిందటి నెల మా మేనకోడలు సెలవులకు వచ్చింది. ఇంజనీరింగు రెండవ సంవత్సరం. తన పాత ప్రశ్నపత్రం తెచ్చి "మామయ్యా, ఇది ఒకసారి చూడు" అంది. నాలుగో ప్రశ్న: ఐ విలువ ఐదు అయితే, ++ఐ + ++ఐ ఎంత? నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం కూర్చుని రెండు కంపైలర్లలో పెట్టాం. ఒకటి పద్నాలుగు, ఒకటి పదమూడు. కుడివైపు చిట్టాలు తెరిచి, ఏ ఆదేశం దగ్గర రెండూ విడిపోయాయో వేలుపెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. "అంటే రెండూ తప్పు కాదా?" అంది. కాదన్నాను. "మరి ప్రశ్నే తప్పా?" అంది. అవునన్నాను.

కాసేపు ఆలోచించి కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. "పరీక్షలో మాత్రం పద్నాలుగే రాస్తాలే మామయ్యా. లేకపోతే మార్కులు పోతాయి."